బరంపురంలో ఒంటి కొవ్వు, ఊపిరి సత్తా టెస్టులు: వదినా నేనూ చేయించుకున్నాక

ముందే చెప్పేస్తాను, ఈ టెస్టులకి డబ్బు పెట్టొచ్చు. అయితే రెండిట్లో ట్రెడ్‌మిల్ మీద చేసేదానికే ఎక్కువ విలువ ఉంది. ఒంట్లో కొవ్వెంతో చెప్పే కాగితాన్ని మాత్రం జాగ్రత్తగా చదవాలి, ఒక్కసారి వచ్చిన అంకె చూసి సంబరపడకూడదు, కంగారూ పడకూడదు. ల్యాబ్ పేరు రాయడం లేదు. నచ్చని సంగతులు కూడా ఇందులో ఉన్నాయి, వాటిని వాళ్ళకి ఎదురుగానే చెప్పాను, కొన్ని సరిదిద్దుకున్నారు కూడా. మీరు ఏ ఊళ్ళో ఏ ల్యాబ్‌కి వెళ్ళినా పనికొచ్చేలా రాస్తున్నాను.

అసలు ఎందుకు వెళ్ళామో చెప్పాలి. నాకు 43 ఏళ్ళు, ఒడిశాలోని బరంపురంలో తెలుగు మీడియం పిల్లలకి లెక్కలు చెబుతాను. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు. పెళ్ళినాటి జాకెట్లు కొంచెం కుట్లు విప్పితే ఇప్పటికీ పడతాయి. ఎక్కడికెళ్ళినా "నీకేంటమ్మా, సన్నగా ఉన్నావు" అనే మాటే విన్నాను ఇన్నాళ్ళూ. నిరుడు చైత్రంలో ఓ మంగళవారం అందరం తారాతారిణి కొండకి వెళ్ళాం. 999 మెట్లు. ఘాట్ రోడ్డు ఉన్నా, రోప్‌వే ఉన్నా, వదినకి మొక్కు ఉంది కాబట్టి మెట్లే ఎక్కుదామన్నాం. వదినకి 47 ఏళ్ళు, 72 కిలోలు. ఆవిడ ఒక్కచోట కూడా కూర్చోకుండా కొబ్బరికాయల సంచి చేత్తో పట్టుకుని పైకి వెళ్ళిపోయింది. నేను నాలుగుచోట్ల కూర్చున్నాను. నాలుగోచోట కళ్ళు బైర్లు కమ్మాయి, గుండె చెవుల్లో కొట్టుకుంటున్నట్టు వినిపించింది. మా అబ్బాయి నీళ్ళ బాటిల్ పట్టుకుని పక్కన నిలబడి భయంగా చూస్తున్నాడు. ఆ చూపు నేను మర్చిపోలేను.

ఇంటికొచ్చాక రక్తపరీక్ష చేయించాను. రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా షుగరు రాబోయే ముందు దశ అంటారు. మా నాన్నకి షుగరు వల్ల కాలి వేలు తీసేశారు, ఆ డ్రెస్సింగులు నేనే చేసేదాన్ని, అందుకే ఆ అంకె చూడగానే నాకు రెండ్రోజులు నిద్ర పట్టలేదు. డాక్టరుగారు బరువు తగ్గమనడానికి నోరు తెరిచి, నన్ను పైనుంచి కిందకి చూసి, "మీరు తగ్గాల్సింది బరువు కాదేమో, ఒకసారి ఒంట్లో కొవ్వూ కండా ఎంతున్నాయో చూపించుకోండి, ఫిట్‌నెస్ టెస్టు కూడా చేయించుకోండి" అన్నారు. ఆ మాట అన్నందుకు ఆయనకి నేను రుణపడి ఉన్నాను.

ముందు దగ్గర్లో ఉన్న ఒక జిమ్‌కి వెళ్ళాను, అక్కడ ఒంట్లో కొవ్వు ఎంతో చెప్పే మెషీన్ ఉంది, 300 రూపాయలు. సాయంత్రం బడి నుంచి వస్తూ రెండు గ్లాసుల మజ్జిగ తాగి ఎక్కాను. కొవ్వు 27 శాతం అన్నారు. మర్నాడు పొద్దున్నే ఏమీ తినకుండా వెళ్తే 31. ఒక్క రాత్రిలో ఎవరికీ నాలుగు శాతం కొవ్వు పెరగదు కదా. అడిగితే ఆ కుర్రాడు మెషీన్ అంతే మేడమ్ అన్నాడు, ఆ వెంటనే 3 నెలల ప్యాకేజీ గురించి మొదలుపెట్టాడు. అక్కడినుంచి వచ్చేశాను. ఇలాంటి మెషీన్లు ఇప్పుడు ఊరంతా ఉన్నాయి, వాటి కాగితం చూసి పౌడర్లు కొంటున్నవాళ్ళూ ఉన్నారు, అందుకే ఈ విషయం కొంచెం వివరంగా చెబుతాను.

ఈ మెషీన్ కొవ్వుని చూడదు. చెప్పులు విప్పి రేకుల మీద నిలబడి, చేతులతో పిడులు పట్టుకుంటే ఒంట్లోంచి చాలా సన్నటి కరెంటు పంపుతుంది, మనకి ఏమీ తెలియదు. కండలో నీళ్ళు ఎక్కువ, ముప్పావు వంతు దాకా ఉంటాయి, అందులోంచి కరెంటు సులువుగా పోతుంది. కొవ్వులో నీళ్ళు తక్కువ, అక్కడ అడ్డుపడుతుంది. ఆ అడ్డు ఎంతో కొలిచి, మన ఎత్తు, బరువు, వయసు, ఆడా మగా అన్నది కలిపి ఒక సూత్రంలో వేసి కొవ్వు ఇంత ఉండొచ్చు అని లెక్క కడుతుంది. అంటే అసలు కొలిచేది నీటి దారిని. నీళ్ళు ఎక్కువ తాగినా, తక్కువ తాగినా, చెమట పట్టేలా నడిచొచ్చినా, ఆడవాళ్ళకి నెలసరి ముందు ఒంట్లో నీరు చేరినా అంకె మారిపోతుంది. నా 27కీ 31కీ మధ్య తేడా చాలావరకు అదే. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు దీనిమీద ఎక్కకూడదు. ఈ మాట ఆ జిమ్‌లో నన్ను ఎవరూ అడగలేదు.

తర్వాత మా స్కూల్లో పీఈటీ సారు చెబితే ఈ ల్యాబ్ గురించి తెలిసింది. ఎక్కువగా ఆర్మీ ర్యాలీలకీ పోలీసు ఉద్యోగాలకీ తయారయ్యే కుర్రాళ్ళు, వెయిట్‌లిఫ్టింగ్ పిల్లలు వస్తారట. మన ఊరికి ఆ పేరు ఊరికే రాలేదు, 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చిన కాటులు రవికుమార్ బరంపురం వాడే. మామూలు ఇంటి ఆడవాళ్ళు వస్తారా అని ఫోన్ చేసి అడిగాను, ఎవరైనా రావచ్చు అన్నారు. మనిషికి రెండు టెస్టులూ కలిపి 2,800. ఒంటరిగా వెళ్ళడానికి మనసొప్పక వదినని రమ్మన్నాను. "నేనెందుకే, నా సంగతి త్రాసే చెబుతుందిగా" అంది. మీ డబ్బులు నేనిస్తాను రండి వదినా అంటే వచ్చింది.

మొదటి రోజు బాగా జరగలేదు. ఒంటి కొలతల్లో మెషీన్ ఒక్కటే కాదు, చర్మాన్ని మడిచి పటకారులాంటి పరికరంతో మందం కొలవడం కూడా ఉంటుంది. భుజం వెనక, పొట్ట పక్కన, తొడ మీద. ఇద్దరు కుర్రాళ్ళున్నారు, ఆడమనిషి లేదు. వాళ్ళు మర్యాదగానే ఉన్నారు, కానీ నేను ఒప్పుకోలేదు, వదిన అసలే ఒప్పుకోలేదు. ఫోన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకున్నప్పుడే ఇద్దరం ఆడవాళ్ళం అని చెప్పాను, అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. ఒక సెలవు పోయింది, ఖాళీ కడుపుతో ఆటోలో వెళ్ళి ఖాళీ కడుపుతోనే తిరిగొచ్చాం. బట్టలు మార్చుకోవడానికి సరైన గది కూడా లేదు, స్టోర్ రూమ్ చూపించారు, లోపల గడియ లేదు. ఈ రెండు విషయాలూ కాగితం మీద రాసిచ్చి వచ్చాను. ఇంత డబ్బు తీసుకునేచోట ఆడవాళ్ళకి గడియ ఉన్న గది ఉండాలి, ఇది అడిగి తెచ్చుకోవాల్సిన విషయం కాదు.

నాలుగు రోజుల తర్వాత వాళ్ళే ఫోన్ చేశారు. ఈసారి ఇచ్ఛాపురం నుంచి రోజూ రైల్లో వచ్చే ఒక అమ్మాయి ఉంది, ఫిజియోథెరపీ చదివింది, మనతో తెలుగులో, పక్కవాళ్ళతో ఒడియాలో గలగలా మాట్లాడుతుంది. ఈ రివ్యూలో మంచి అంతా ఆ అమ్మాయి వల్లే అని రాయడానికి నాకు సంతోషంగా ఉంది. టెస్టుకి ముందు రోజే ఫోన్ చేసి చెప్పింది: 3 గంటల ముందు నుంచి ఏమీ తినొద్దు అక్కా, టీ కాఫీ వద్దు, ముందు రోజు బరువు పనులు పెట్టుకోకండి, జ్వరం జలుబు ఉంటే రావొద్దు, చీర కాకుండా చుడీదార్, బూట్లు వేసుకోండి, వాడే మందుల చీటీలు తెచ్చుకోండి. మందుల చీటీ ఎందుకో తర్వాత తెలిసింది. బీపీకి వాడే మాత్రల్లో ఒక రకం గుండె వేగాన్ని పైకి పోనివ్వదు, అవి వేసుకునేవాళ్ళకి గుండె వేగం చూసి వ్యాయామం లెక్కకడితే తప్పు వస్తుంది. వదిన బీపీ మాత్ర ఆ రకం కాదని చీటీ చూసి తేల్చాకే ముందుకెళ్ళారు. ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్ళు తిరుగుతాయా, ఇంట్లో ఎవరికైనా చిన్నవయసులో గుండెపోటు వచ్చిందా అని ఒక ఫారం నింపించారు. కొండ మీద కళ్ళు బైర్లు కమ్మిన సంగతి చెప్పాను. అయితే డాక్టరుగారు వచ్చి ఈసీజీ చూసేదాకా ట్రెడ్‌మిల్ ఎక్కించను అంది. ఆయన రావడానికి 50 నిమిషాలు ఆలస్యమైంది, ఆకలితో చిరాకు పుట్టింది, అయినా ఆ అమ్మాయి మాట మీద నిలబడటం నాకు నచ్చింది. ఎక్కడైనా డాక్టరు లేకుండా, బీపీ చూడకుండా, ప్రశ్నలు అడగకుండా నలభై దాటినవాళ్ళని నేరుగా పరిగెత్తించేస్తే దయచేసి అక్కడ చేయించుకోకండి.

గాజులు, చెవులవి, మెట్టెలు తీయమంది. వదిన మంగళసూత్రం తీయనంది. ఆ అమ్మాయి ఏమీ అనుకోకుండా, పర్లేదమ్మా, వచ్చేసారి కూడా అలాగే ఉంచుకుని చేయించుకోండి, రెండుసార్లూ ఒకేలా ఉంటే పోల్చడానికి బాగుంటుంది అని కాగితం మీద రాసి పెట్టుకుంది. ఈ ఒక్కమాటలో ఈ టెస్టు రహస్యమంతా ఉంది. అదే మెషీన్, అదే వేళ, అదే కడుపు, అవే బట్టలు. అప్పుడు అంకె ఎంత అన్నదానికన్నా ఎటు కదిలింది అన్నది నమ్మొచ్చు. నాకు మెషీన్ 36 శాతం చూపించింది, చర్మం మడత లెక్కలో 34 వచ్చింది. ఏది నిజం అని అడిగాను. రెండూ అంచనాలే అక్కా, ఇంకా కచ్చితంగా కావాలంటే రెండు రకాల ఎక్స్‌రేలతో తీసే డెక్సా స్కాన్ ఉంది, అది ఇక్కడ లేదు, అయినా మీకిప్పుడు దాని అవసరం లేదు అంది. లేనిదాన్ని లేదని చెప్పడం, అవసరం లేదని కూడా చెప్పడం ఎంతమంది చేస్తారు?

36 శాతం అంటే 54 కిలోల్లో 19 కిలోలకి పైగా కొవ్వే. కండలు, ఎముకలు, నీళ్ళు, అన్నీ కలిపి మిగిలింది 34 కిలోల చిల్లర. నా మొహం చూసి ఆ అమ్మాయి ఒక సంగతి చెప్పింది. పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ అని షుగరు మీద పరిశోధన చేసే డాక్టరు ఉన్నారు. ఆయనా, లండన్ డాక్టరు జాన్ యుడ్కినూ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫోటో వేశారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె, 22.3, అచ్చం ఒకటే. కానీ కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చూడటానికి సన్నం, లోపల కొవ్వు, మన దేశంలో ఇది చాలామందికి ఉంది. అందుకే మనవాళ్ళకి బీఎంఐ 25 దాకా ఆగకుండా 23 దగ్గరే జాగ్రత్త పడమంటారు. నాది 22.5, అంటే ఆ గీతకి కూడా ఇవతలే ఉన్నాను, అయినా రక్తంలో షుగరు కదలడం మొదలైంది. తర్వాత టేపు తీసి నడుము కొలిచింది, 84 సెంటీమీటర్లు. మన ఆడవాళ్ళకి 80, మగవాళ్ళకి 90 దాటకూడదు. పాతిక రూపాయల టేపు ఈ మాట నాకు ఇంట్లోనే చెప్పి ఉండేది. మీరు ల్యాబ్‌కి వెళ్ళినా వెళ్ళకపోయినా ఈ రాత్రి నడుము కొలుచుకోండి.

ఇక అసలు టెస్టు. మనిషి ఎంత గట్టిగా శ్రమపడగలడో, ఆ శ్రమలో నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకోగలడో చూడటం. గుండె ఎంత రక్తం తోస్తుంది, ఆ రక్తంలోంచి కండలు ఎంత ఆక్సిజన్ లాక్కుంటాయి, ఈ రెండిటి గుణకారమే ఆ అంకె, వీఓటూ మ్యాక్స్ అంటారు. వందేళ్ళ కిందట ఇంగ్లండులో ఏ.వి. హిల్ అనే శాస్త్రవేత్త పరిగెత్తేవాళ్ళ ఊపిరిని సంచుల్లో పట్టి దీన్ని కొలిచాడు. 1923లో ఆ పని అచ్చయింది, అదే ఏడాది, కండరాల మీద పరిశోధనకి 1922 నోబెల్ ఆయనకి ప్రకటించారు. ఇప్పుడు సంచి బదులు మాస్కు, కంప్యూటరు. బయటి గాలిలో ఆక్సిజన్ 20.93 శాతం ఉంటుంది, మనం వదిలే గాలిలో అంతకన్నా తక్కువ, ఆ తేడాని ప్రతి ఊపిరికీ లెక్కకడుతుంది. మెషీన్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి ముందు సిలిండర్లోని తెలిసిన గ్యాస్ పెట్టి, 3 లీటర్ల పెద్ద సిరంజితో గాలి కొట్టి సరిచూడాలి. ఆ అమ్మాయి మా ముందే చేసింది.

ట్రెడ్‌మిల్ మీద వాడింది బ్రూస్ పద్ధతి. 3 నిమిషాలకోసారి వేగమూ ఏటవాలూ రెండూ పెరుగుతాయి. మొదట గంటకి 2.7 కిలోమీటర్లు, 10 శాతం ఎత్తు, తర్వాత 4 కిలోమీటర్లు, 12 శాతం, ఆపైన 5.5 కిలోమీటర్లు, 14 శాతం. వేగం వింటే ఏముందిలే అనిపిస్తుంది, ఏటవాలు మీద నడిస్తే పిక్కలకి తెలుస్తుంది. మాస్కు బిగుతుగా ఉంటుంది, గాలి కొంచెం కూడా పక్కనుంచి పోకూడదు, మాట్లాడటానికి వీల్లేదు. ఒక అట్ట మీద 6 నుంచి 20 దాకా అంకెలు రాసి ఎదురుగా పట్టుకుంటారు, ఎంత కష్టంగా ఉందో వేలితో చూపించాలి. 6 నుంచి ఎందుకు మొదలవుతుందో అని తర్వాత అడిగాను, దాన్ని పదితో గుణిస్తే సుమారుగా గుండె వేగం వచ్చేలా బోర్గ్ అనే స్వీడన్ ఆయన తయారుచేశాడట. రెయిలింగ్ గట్టిగా పట్టుకోకండి, పట్టుకుంటే ఒంటి బరువు దానిమీద పడి లెక్క తప్పుతుంది. పడిపోతానేమో అని నాకు భయమేసింది, వెనకాల ఒక మనిషి నిలబడ్డాడు, చేతి దగ్గరే ఎర్ర బటన్ ఉంది.

6 నిమిషాల 40 సెకన్లు. అంతే చేయగలిగాను. మూడో మెట్టు మొదలై 40 సెకన్లకే చెయ్యెత్తేశాను. కిలోకి నిమిషానికి 25 మిల్లీలీటర్లు వచ్చింది. ఊరికే కూర్చున్న మనిషికి 3.5 కావాలంటారు, అంటే దానికి 7 రెట్లే నా పైమెట్టు. మెట్లెక్కడానికే ఆ పైమెట్టు దాకా వెళ్ళిపోతున్నాను, కళ్ళు బైర్లు కమ్మక ఏమవుతుంది. గుండె వేగం 184 దాకా వెళ్ళింది. 220లోంచి వయసు తీసేస్తే 177 రావాలి కదా అని అడిగాను, అది వేలమంది సగటు అక్కా, మీ గుండె మీది అంది. నేను రోజూ పొద్దున్న అరగంట కబుర్లాడుతూ నడిచేదాన్ని, అప్పుడు నా గుండె వేగం 100 దగ్గరే ఉంటోంది, ఊపిరి కొంచెం బరువయ్యే గీత నాకు 124 దగ్గరుంది. అంటే ఇన్నేళ్ళూ నా నడక ఆ గీతని తాకనే లేదు. నాకు ఈ టెస్టు మొత్తంలో ఎక్కువ పనికొచ్చిన అంకె ఏదంటే ఆ 124.

తర్వాత వదిన ఎక్కింది. 72 కిలోలు, మెషీన్ లెక్కలో కొవ్వు 39 శాతం. నాకన్నా ఎక్కువసేపు నడిచింది, 29 వచ్చింది. కిలో లెక్క పక్కనపెట్టి మొత్తం చూస్తే నేను నిమిషానికి 1.35 లీటర్ల ఆక్సిజన్ వాడగలిగితే ఆవిడ 2 లీటర్లు దాటింది. పైగా ఆవిడ చివరిదాకా వెళ్ళనే లేదు, మాస్కు ముక్కుని నొక్కేస్తోందని ఆపేసింది. అది కూడా కాగితం మీదే తెలుస్తుంది. వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని, పీల్చుకున్న ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చే అంకె 1.10 దాటితే మనిషి నిజంగా చివరిదాకా వెళ్ళినట్టు. నాది 1.12, వదినది 1.02. ఈవిడలో ఇంకా ఉంది, ఇది పైమెట్టు కాదు, ఇవాళ చేరిన మెట్టు మాత్రమే అని రిపోర్టులో రాసి మరీ ఇచ్చింది ఆ అమ్మాయి.

వదిన ఇరవై ఏళ్ళుగా అప్పడాలు, వడియాలు చేసి అమ్ముతుంది. మినప్పిండి దంచి, మూటలు మోసి, మేడ మీదకి రోజుకి పదిసార్లు ఎక్కి దిగి ఎండబెట్టి, మళ్ళీ దింపి. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఆవిడ ఒంటి గురించి అనని మాట లేదు మా చుట్టాలు, ఆవిడ ముందే ప్లేటు వంక చూసి మాట్లాడేవాళ్ళు. ఆ రోజు కాగితం రెండుసార్లు చదివించుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే నా ఊపిరి మంచిదేనన్నమాట" అంది. ఆ అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుని, చాలా మంచిది అమ్మా, కానీ బీపీ ఉంది కదా, నడుము 96 ఉంది, అది తగ్గాలి, ఈ టెస్టు గుండెకి ఏ జబ్బూ లేదని చెప్పే కాగితం కాదు అని నెమ్మదిగా చెప్పింది. మెచ్చుకోవడం, జాగ్రత్త చెప్పడం రెండూ ఒకే మాటలో పెట్టింది. నేను ఈ టెస్టు అందరూ చేయించుకోవాలనడానికి కారణం ఇదే. త్రాసు మా ఇద్దరి గురించీ తప్పు చెప్పింది. నన్ను బాగున్నానంది, ఆవిడని బాగాలేదంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అనే సంస్థ 2016లోనే ఈ ఊపిరి సత్తాని కూడా నాడి, బీపీల్లాగా ప్రతి మనిషికీ చూడాలని చెప్పింది. మన దగ్గర ఏ ఆసుపత్రిలోనైనా బరువు చూసి చీటీ రాస్తారు, మెట్లెక్కగలవా అని ఎవరూ అడగరు.

ఇక లోపాలు. రిపోర్టు మొత్తం ఇంగ్లీషులో, 6 పేజీలు, రంగురంగుల బొమ్మలు. వదినకి ఒడియా, తెలుగు రెండూ చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. పేజీ చివర ఒంటికి మార్కులు వేసి వందకి 68 అని ఇస్తారు, ఆ మార్కులు ఎలా వేశారో ఎవరూ చెప్పలేకపోయారు. నేను రోజూ మార్కులు వేసే మనిషిని, లెక్క చూపించకుండా మార్కు వేయడం నాకు నచ్చదు, ఆ పెట్టెని మీరు పట్టించుకోకండి. ఒంట్లో వయసు 51 అని కూడా వచ్చింది, దానికీ అంతే. ఇంకొకటి, 5 నెలల తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి సెలవులో ఉంది, ఇంకో కుర్రాడు గ్యాస్, సిరంజి సరిచూడకుండానే మాస్కు పెట్టబోయాడు. పొద్దున్న చేశామన్నాడు, మధ్యలో ముగ్గురు చేయించుకున్నారు. మళ్ళీ చేయమన్నాను, చేశాడు, 10 నిమిషాలు పట్టింది. అడిగితేనే చేయడం తప్పు. మీరూ అడగండి.

ఆ 5 నెలలూ నేను చేసింది ఇదీ. వారానికి రెండు రోజులు, 4 నిమిషాలు గట్టిగా ఊపిరాడేలా, 3 నిమిషాలు నెమ్మదిగా, ఇలా నాలుగుసార్లు. బరంపురంలో మాకు దగ్గర్లో ఎత్తు లేదు కాబట్టి మా అపార్ట్‌మెంటు మెట్లు, ఆదివారం గోపాలపూర్ సముద్రపొడ్డు ఇసుక. ఇసుకలో నడిస్తే 124 ఇట్టే దాటిపోతుంది. ఇంకో రెండు రోజులు బరువు పని, కుర్చీలోంచి చేతులు పట్టకుండా లేచి కూర్చోవడం, 5 లీటర్ల నీళ్ళ క్యాన్లు ఎత్తడం. డాక్టరుగారిని అడిగాకే మొదలుపెట్టాను. పొద్దున్న చద్దన్నం మానలేదు, పక్కన గుడ్డు, మధ్యాహ్నం పప్పూ చేపా పెంచాను, అన్నం ఒక గరిటె తగ్గించాను. రెండోసారి టెస్టులో బరువు 54.2, అంటే 200 గ్రాములు పెరిగాను. కొవ్వు 36 నుంచి 33.5కి వచ్చింది. ఊపిరి 25 నుంచి 28.6. ట్రెడ్‌మిల్ మీద 7 నిమిషాల 25 సెకన్లు. హెచ్‌బీఏ1సీ 5.6. ఒక్క త్రాసే చూసుకుని ఉంటే 5 నెలల కష్టం వృథా అనుకుని మానేసేదాన్ని. కొవ్వు అంకెలో కొంత మెషీన్ తేడా కూడా ఉండొచ్చు, అందుకే దానికన్నా ట్రెడ్‌మిల్ అంకెనే నేను నమ్ముతున్నాను, ఎందుకంటే ఆ 45 సెకన్లు నా కాళ్ళతో నేను నడిచాను.

2,800 అందరూ పెట్టలేరు. ర్యాలీలకి తయారయ్యే కుర్రాళ్ళ దగ్గర అసలే ఉండవు. వాళ్ళకి కూపర్ పద్ధతి ఉంది, 1968 నాటిది, పైసా ఖర్చు లేదు. కొలతలు తెలిసిన మైదానంలో 12 నిమిషాలు ఎంత దూరం పోగలరో పరిగెత్తండి. మీటర్లలో వచ్చిన దూరంలోంచి 504.9 తీసేసి 44.73తో భాగించండి. 2,400 మీటర్లు వెళ్తే 42 చిల్లర వస్తుంది. ల్యాబ్ అంత కచ్చితం కాదు, కానీ నెల నెలా అదే మైదానంలో చేస్తే పెరిగిందీ తగ్గిందీ తెలుస్తుంది. మా పదో తరగతి మగపిల్లలతో, ఆడపిల్లలతో పీఈటీ సారు చేయిస్తున్నారు, లెక్క నేను బోర్డు మీద వేయిస్తున్నాను. నలభై దాటినవాళ్ళు, బీపీ షుగరు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరుని అడగకుండా ఈ పరుగు పెట్టుకోకండి.

మళ్ళీ వెళ్తామా అంటే వెళ్తాం. మొన్న వెళ్ళినప్పుడు స్టోర్ రూమ్ తలుపుకి గడియ పెట్టించారు, ఆడవాళ్ళకి బుధ, శనివారాలు ఆ అమ్మాయే చూస్తుందని బోర్డు రాసి పెట్టారు. రిపోర్టు మొదటి పేజీ అయినా తెలుగులో, ఒడియాలో ఇవ్వమని అడిగాను, ఆ అమ్మాయి చేత్తో రాసిస్తానంది. వదినకి ముక్కు మీద నొక్కని చిన్న సైజు మాస్కు తెప్పించారట, వచ్చే శనివారానికి పేరు రాయించుకున్నాం. ఈసారి డబ్బులు తనవే ఇస్తానని పట్టుబట్టి, అప్పడాల డబ్బాలోంచి 2,800 లెక్కపెట్టి విడిగా కవర్లో పెట్టుకుంది.